బరువు ఆగిందా? ముందు చారన్నం సంగతి చూడు

చి. సౌ. సునీతకు, పెద్దమ్మ ఆశీస్సులు.

మూడు వారాలుగా 91 కిలోల దగ్గరే ఆగిపోయావని, ఇక రాత్రి భోజనం మానేద్దామనుకుంటున్నావని రాశావు. మానకు. స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేసేది) చేయించుకున్న అయిదో నెలలో బరువు కొన్నాళ్లు కదలకపోవడం మామూలే. ఆపరేషన్‌కి ముందు 118 కిలోలున్న ఒంటికి ఖర్చయినంత శక్తి ఇప్పుడు ఖర్చవదు. పైగా కొవ్వుతోపాటు కొంత కండ కూడా కరిగి ఉంటుంది. ఇప్పుడు కడుపు మాడ్చుకుంటే ఆ మిగిలిన కండ కూడా కరుగుతుంది. జుట్టు ఇంకా రాలుతుంది, నీరసం వస్తుంది, సాయంత్రానికి చెయ్యి జంతికల డబ్బా మీదికి పోతుంది.

ఆపరేషన్ అయిన మూడో వారంలో ఒకసారి బరువు ఆగిందే, అది వేరు. కాలేయంలోనూ కండల్లోనూ నిల్వ ఉండే గ్లైకోజన్ అనే పిండిపదార్థం తన బరువుకి సుమారు మూడు రెట్ల నీటిని పట్టి ఉంచుకుంటుంది. మొదట్లో అది ఖర్చయి నీరు పోతుంది, తర్వాత కొంత మళ్లీ చేరుతుంది. లోపల కొవ్వు తగ్గుతున్నా కాటా మీద తెలియదు. ఇప్పటి సంగతి అది కాదు.

అసలు ఆగిందో లేదో తేల్చుకో. రోజూ కాటా ఎక్కకు. వారానికొక రోజు, పొద్దున్నే దొడ్డికి వెళ్లొచ్చాక, మంచినీళ్లు కూడా తాగకముందు చూసుకో. కాటా చాప మీద కాదు, గచ్చు మీద ఉండాలి. అదే రోజు బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలిచి రాసుకో. నెలసరి ముందు నాలుగైదు రోజులు, ఆవకాయ దండిగా తిన్న మర్నాడు, ఐరన్ మాత్రల వల్ల మలబద్ధకం చేసినప్పుడు కాటా ఎక్కువే చూపిస్తుంది. నాలుగు వారాలు బరువూ నడుమూ రెండూ కదలకపోతేనే ఆగినట్టు. నడుము తగ్గుతుంటే నీ పని నువ్వు చేసుకుపో.

నిజంగానే ఆగితే నేను ముందు అనుమానించేది చారన్నాన్నే. మొదటి నెలల్లో మెత్తగా, జారుగా తినమన్నారు, నీకు అదే అలవాటైంది. కానీ మిగిలిన ఆ సన్నటి పొట్టలో గట్టి ముద్ద కాసేపు నిలుస్తుంది, చారుతోనో మజ్జిగతోనో కలిపిన అన్నం నిలవదు. ఇట్టే దిగిపోతుంది. అందుకే చికెన్ నాలుగు ముక్కలకే చాలనిపించే మనిషి పప్పుచారన్నం గిన్నెడు తినగలుగుతుంది, గంటన్నరకే మళ్లీ ఆకలంటుంది. "ఇది హాయిగా దిగుతోంది పెద్దమ్మా" అని నువ్వు రాసిన వాక్యం దగ్గరే నాకు అనుమానం వచ్చింది. బిస్కెట్లు టీలో ముంచుకోవడం, సేమ్యా పాయసం, ఐస్‌క్రీమ్, జ్యూసు, నోట్లో కరిగే జంతికలు, అన్నీ ఆ కోవలోవే. జంతికలు 100 గ్రాములంటే సుమారు 500 కేలరీలు, పొట్ట నిండినట్టు కూడా తెలియదు.

కాబట్టి కంచంలో వరస మార్చు. మధ్యాహ్నం ముందు 75 గ్రాముల చికెనో చేపో, లేదా రెండు గుడ్లో, 60 గ్రాముల పనీరో తిను. తర్వాత బీరకాయో బీన్సో మూడు నాలుగు చెంచాలు. చివర్లో ఖాళీ ఉంటేనే రెండు చెంచాల అన్నం, ముద్దపప్పుతో, పొడిగా. చారు ఆ పూటకి వద్దు. తిన్నాక అరగంట వరకూ నీళ్లు తాగకు. మజ్జిగ భోజనాల మధ్య, విడిగా. ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా నమిలి తిను. ఎక్కిళ్లు వచ్చినా, ముక్కు కారినా, రొమ్ము కింద బిగిసినట్టున్నా ఆ ముద్దతో ఆపెయ్యి.

రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలి. పొద్దున రెండు గుడ్లు 12, పదకొండింటికి ప్రోటీన్ పౌడర్ ఒక స్కూపు 24 (డబ్బా మీద చూసుకో), మధ్యాహ్నం చికెన్ 20, సాయంత్రం వేయించిన సెనగలు 30 గ్రాములకి 6, రాత్రి పనీరూ కాస్త పప్పూ కలిపి 15. మొత్తం 77. మాంసం తినని రోజుల్లో ఎండు మీల్‌మేకర్ 30 గ్రాములు ఉడికిస్తే 15 దాకా వస్తుంది. పప్పుతోనే సరిపోతుందనుకోకు. మనం పలచగా చేసుకునే పప్పు కప్పు నిండా తిన్నా ఏడెనిమిది గ్రాములు మించదు.

మూడు రోజులు ఒక పుస్తకంలో అన్నీ రాయి. వంట చేస్తూ రుచి చూసిందీ, పిల్లల కంచంలో మిగిలిందీ, టీలో వేసిన చక్కెరా కూడా. కూరలో నూనె గరిటెతో కాక చెంచాతో కొలిచి పొయ్యి. పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. జీడిపప్పు గుప్పెడు తింటే 160.

నడక మంచిదే, కానీ కండ నిలవాలంటే అదొక్కటీ చాలదు. వారంలో మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పదిసార్లు తోయడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులతో భుజాల దాకా ఎత్తడం. ఒక్కోటీ మూడు విడతలు. సులువైతే బరువు పెంచు. డాక్టరుగారిని ఒకమాట అడిగి మొదలుపెట్టు.

ఆరో నెల పరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డీ చూపించు. నీకు థైరాయిడ్ మాత్ర ఉంది కదా, దానికీ క్యాల్షియం, ఐరన్ మాత్రలకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పక్కపక్కనే మింగితే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు, బరువు ఆగడానికి అదీ ఒక కారణమే. క్యాల్షియానికీ ఐరన్‌కీ మధ్య రెండు గంటలు. ఇన్సులిన్, స్టెరాయిడ్లు, మానసిక వైద్యంలో ఇచ్చే కొన్ని మందులు కూడా బరువు తగ్గనివ్వవు. సొంతంగా మానేయకు, మార్చే వీలుందేమో డాక్టరుని అడుగు.

"పొట్ట రీసెట్" అంటూ మళ్లీ వారం రోజులు ద్రవాల మీదే ఉండమనే సలహాలు వింటావు. రెండు కిలోలు నీరు పోతుంది, అన్నం మొదలెట్టగానే తిరిగి వస్తుంది. కార్తీక ఉపవాసాలు ఈ ఏడాదికి వదిలెయ్. సన్నబడే ఇంజెక్షన్లు స్లీవ్ తర్వాత కూడా కొందరికి రాస్తారు, కానీ అది డాక్టరు తేల్చాల్సిన మాట, మెడికల్ షాపులో అడిగి కొనేవి కావు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే మాత్రం బరువు సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. బీ1 విటమిన్ పడిపోతే నరాలకి ప్రమాదం.

ఇవన్నీ సరిగ్గా చేసినా మరో ఆరు వారాలు కదలకపోతే ఆ పుస్తకం పట్టుకుని మీ ఆసుపత్రి డైటీషియన్ దగ్గరికి వెళ్లు. ఈలోగా మూడు రోజుల పేజీలు ఫోటో తీసి నాకు పంపు. అన్నం ఎంతో రాసి ఊరుకోకు, దేనితో కలుపుకున్నావో కూడా రాయి.

పెద్దమ్మ