మిరపగింజల జాడ: యువ రచయిత్రికి ఓ ఉత్తరం

హన్మకొండ,
డిసెంబరు మొదటివారం

బిడ్డా,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన నీ నవల చాప్టర్లూ అందాయి. కాజీపేట నుంచి జనగామకు రోజూ పుష్‌పుల్ రైల్లో వెళ్లొస్తూ చదువుకుంటానని, తెలిసినవాళ్లెవరైనా పక్కన కూర్చుంటే పుస్తకానికి పేపరు అట్ట వేసుకుంటానని రాశావు. ఆ మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. దాచుకోవాల్సిన పుస్తకాలా అవి? విశ్వాసం పోగొట్టుకున్న మనిషి మళ్లీ నిలదొక్కుకునే క్రైస్తవ నవలలు, చిన్న ఊళ్లో జరిగిన హత్యను ఒక ముసలమ్మ కూర్చున్నచోటి నుంచే తేల్చేసే నవలలు. వాటిని చదివితే రచయిత్రివి కాలేవని సభలో ఒక పెద్దాయన అన్నారట. "నిజమేనా మేడం?" అని అడిగావు.

కాదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పాను, అంతకన్నా ఎక్కువకాలంగా కథలు రాస్తున్నాను. పేజీ తిప్పకుండా ఉండలేని ఆత్రం ఎట్లా ఉంటుందో తెలియనివాళ్లు ఆ ఆత్రాన్ని ఇంకొకరిలో పుట్టించడం నేనెక్కడా చూడలేదు. నీకు ఆ ఆత్రం తెలుసు. దిగాల్సిన జనగామ దాటిపోయి ఆలేరు దాకా వెళ్లావంటే ఇంకేం కావాలి?

నా చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకునేవాళ్లం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో మనుషులే అన్నట్టుండేది. ఆదివారం మాత్రం మా అమ్మ ఆ పుస్తకాలు ముట్టనిచ్చేది కాదు. గుడి నుంచి (మేం చర్చిని అట్లానే అంటాం) వచ్చి అన్నాలు తిన్నాక 'యాత్రికుని ప్రయాణము' తీసి పైకి చదివేది. ఇంగ్లండులో జాన్ బన్యన్ 1678లో అచ్చు వేయించిన పుస్తకం అది. అనుమతి లేకుండా ప్రసంగాలు చేసినందుకు ఆయన పన్నెండేళ్లు జైల్లో మగ్గాడు. అందులో వీపున మూటతో నడిచే యాత్రికుడు ఒకచోట నిరాశ అనే రాక్షసుడి చేతికి చిక్కుతాడు. సందేహాల కోటలో చీకటి కొట్టు. దెబ్బలు. తిండి లేదు, నీళ్లు లేవు. బయటపడే దారి లేదు. అప్పుడు గుర్తొస్తుంది, వాగ్దానం అనే తాళంచెవి మొదటినుంచీ తన రొమ్ములోనే ఉందని. అమ్మ అక్కడికి రాగానే గొంతు తగ్గించేది. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరించేది.

చాలా ఏళ్ల తర్వాత నాకు తట్టింది. శనివారం యుగంధర్ దగ్గర, ఆదివారం బన్యన్ దగ్గర నేను పొందింది ఒకటే సంతోషం. మూసిన గది, దానికి తాళంచెవి, ఆ తాళంచెవి మన కళ్లముందే ఉన్నా మనం చూడకపోవడం. నీకిష్టమైన రెండు రకాల పుస్తకాలూ వేర్వేరు బీరువాల్లోవి అనుకోకు.

ఆ రెండూ ఒకేచోట కలిసింది ఇంగ్లండు రచయిత చెస్టర్టన్ రాసిన, ఫాదర్ బ్రౌన్ అనే పాదిరి నేరాలు తేల్చే కథల్లో. మొదటి సంపుటి 1911లో వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, చేతిలో గొడుగు. చూసినవాళ్లు అమాయకుడనుకుంటారు. తెలిసిన ఒక నిజమైన ఫాదరును చూసి చెస్టర్టన్ ఈ పాత్రను మలిచాడు. జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనలు వినే ఆ ఫాదరుకు మనుషుల చెడు గురించి ఎంత లోతుగా తెలుసో చూసి ఆశ్చర్యపోయాడట. ఫాదర్ బ్రౌన్ బూడిద, వేలిముద్రలు వెతుక్కుంటూ కూర్చోడు. 1927 నాటి సంపుటిలో తన రహస్యం తనే చెప్తాడు: హంతకుడి మనసులోకి తాను పూర్తిగా దిగిపోతాడు, ఆ పని తానే చేసినట్టు లోపల అనుభవిస్తాడు. అప్పుడు ఎవరు చేశారో తెలుస్తుంది. మొదటి కథలో ఆయన పట్టించిన ఫ్లాంబో అనే గజదొంగ ఆ తర్వాత మారి, ఆయనకు స్నేహితుడవుతాడు, డిటెక్టివ్ కూడా అవుతాడు. దొంగను పట్టుకోవడంతో కథ అయిపోలేదు చూడు. మామూలు మిస్టరీ 'ఎవరు చేశారు?' అని అడుగుతుంది. మంచి క్రైస్తవ నవల 'చేసినవాడు ఇకమీద ఎట్లా బతకాలి?' అని అడుగుతుంది. నువ్వు రెండూ ఇష్టపడుతున్నావంటే ఈ రెండు ప్రశ్నలూ నీలో ఉన్నట్టే. నీ నవలకు అదే గట్టి పునాది అని నా నమ్మకం.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. పరకాల వైపు మా అమ్మమ్మ ఊరు. నాకు పదేళ్లప్పుడు అక్కడి గుడిలో కోత పండుగ జరిగింది. ఎవరి పంటలోంచి వాళ్లు తెచ్చిన తొలి కానుకలు: పసుపు కొమ్ములు, జొన్న కంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, ఒక బస్తా ఎండుమిరపకాయలు. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద వేలం. సంతలో రెండు రూపాయలు పలికే గుమ్మడికాయ అక్కడ ఇరవై దాకా పోతుంది. దేవుని పని కదా, పోటీపడి పాడతారు. మిరపకాయల బస్తా ఒక సంఘపెద్ద పాడుకున్నాడు. వేలం డబ్బంతా ఎర్రగుడ్డలో మూటగట్టి గుడి వెనక గదిలో బల్ల సొరుగులో పెట్టారు. తెల్లారేసరికి మూట లేదు.

అనుమానం పెట్రోమాక్స్ లైట్లు వెలిగించే పిల్లగాడి మీద పడింది. తల్లి లేదు, తండ్రి కూలికి పోతాడు. గదిలోకి వచ్చిపోయేది వాడొక్కడే అన్నారు. వాణ్ని స్తంభానికి ఆనించి నిలబెట్టి అడిగారు. వాడు ఏడ్వలేదు. కాలి బొటనవేలితో నేల గీరుతూ నిలబడ్డాడు.

గుడి ఊడ్చే అవ్వ ఒకతి ఉండేది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున మా అమ్మమ్మ నాకు జడ వేస్తుంటే అరుగుమీద కూర్చున్నాను. పక్కిల్లే ఆ సంఘపెద్దది. అవ్వ వచ్చి ఆయన గడప దగ్గర కూర్చుని అన్నది: "అయ్యా, నీ మిరపకాయల బస్తకు చిల్లున్నది. ఇయ్యి, కుట్టిస్త." ఆయన లేదన్నాడు, బస్తా బాగానే ఉందన్నాడు. అవ్వ కొంగు ముడి విప్పింది. అరచేతిలో నాలుగు మిరపగింజలు. "బల్లకాడ ఊడ్చిన. చెట్టుకింద వేలమైతే గింజలు గదిలకెట్ల వచ్చినయ్?" అని గొంతు పెంచకుండా అడిగి, ఆయన మొహంలోకి చూడకుండా లేచి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి ఎర్రమూట పాస్టరు గారింటికి చేరింది.

ఇంగ్లండు రచయిత్రి అగాథా క్రిస్టీ నవలల్లో నేరాలు తేల్చే ముసలమ్మ మిస్ మార్పుల్ నాకు పరిచయమైనప్పుడు నేను మొదట గుర్తుపట్టింది మా అవ్వనే. మిస్ మార్పుల్ కనిపించే మొదటి నవల 1930లో వచ్చింది. హత్య జరిగేది పాస్టరు గారి చదువుకునే గదిలో, కథ చెప్పేదీ ఆ పాస్టరే. మిస్ మార్పుల్ ఊలు అల్లుకుంటూ, తోటపని చేసుకుంటూ, ఊళ్లో ఎవరి నడక ఎట్లాంటిదో చూస్తూ ఉంటుంది. ఈ కొత్త మనిషి అచ్చం ఫలానా పాలవాడి లాంటోడే అనుకుంటుంది, అక్కడ ముడి వీడుతుంది. కోజీ మిస్టరీ అంటే ఇంతే కదా. రక్తపాతం కళ్లముందు ఉండదు, ఊరు చిన్నది, అందరికీ అందరూ తెలుసు. తేల్చేది పోలీసు కాదు, ఎవరూ లెక్కచేయని మనిషి. ఇట్లాంటి మనుషులు మన దగ్గర తక్కువా? ఫాతిమానగర్‌లో క్రిస్మస్ స్టార్లు కట్టే వీధుల్లో, కాజీపేట రైల్వే క్వార్టర్లలో, సంక్రాంతికి పదిమంది కూడి సకినాలు చుట్టే వాకిట్లో చూడు. సకినాలు చుట్టేటప్పుడు చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి. వాళ్లకు తెలియంది ఉండదు.

ఇక్కడ నీకొక మాట గట్టిగా చెప్పాలి. నీ ప్లాట్‌లో చావుకు పురుగుమందు వాడతానని రాశావు. క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసి విషాల గురించి నేర్చుకుంది. అది ఆమెకు తెలిసిన లోకం. నీకు పురుగుమందు డబ్బా తెలిసిన లోకమే, నిజమే. కానీ 1997-98లో పత్తి పోయి మన వరంగల్ జిల్లాలో ఎందరు రైతులు ఆ డబ్బా ఎత్తారో మీ అమ్మానాన్నలను అడుగు. ఇక్కడ ఏ ఊళ్లో చదివినా ఆ మాట దగ్గర ఎవరో ఒకరికి ఇంటి మనిషి గుర్తొస్తాడు. హాయిగా చదివే కథలో దాన్ని చిక్కుముడి కోసం పెట్టకు. రాయాలనిపిస్తే దానికోసమే వేరే నవల రాయి. దీనికి వేరే దారి చూడు. అసలు హత్యే ఉండాలని కూడా లేదు.

ఇక రెండో లోపం. నీ మూడో చాప్టర్‌లో అమ్మాయి ప్రార్థన చేస్తుంది, కలలో దొంగ పేరు తెలుస్తుంది. నువ్వు విశ్వాసంతోనే రాశావని నాకు తెలుసు. నేనూ విశ్వాసినే. అయినా అది తీసెయ్యి. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు ఫాదరు డిటెక్టివ్ కథలు రాసేవాడు. 1929లో ఈ కథలకు పది ఆజ్ఞలు పెట్టాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ అప్పుడే చూపించాలి. దైవశక్తులు, దయ్యాలు ముడి విప్పకూడదు. పీఠం దగ్గర నిలబడే మనిషే ఆ మాట అన్నాడు! నేను అర్థం చేసుకున్నది ఇది: దేవుడు మనిషికి కళ్లు, బుద్ధి ఇచ్చాడు, కథలో వాటిని వాడనివ్వు. మా అవ్వ ప్రార్థన చేసే మనిషే. కానీ గింజలు చూసింది చీపురు పట్టుకున్నప్పుడు.

క్రైస్తవ నవలల్లో నన్ను నొప్పించేది కూడా ఇట్లాంటిదే. చివరి చాప్టర్‌లో దుర్మార్గుడు మోకాళ్లూనుతాడు, అందరూ కన్నీళ్లు తుడుచుకుంటారు, పాట, ఆమెన్. స్విచ్ వేసినట్టు. చదివినవాళ్లకు అక్కడ ప్రసంగం వినపడుతుంది, మనిషి కనపడడు. డొరొతీ సేయర్స్ గుర్తుందా, చర్చి గంటల చుట్టూ అల్లిన 1934 నాటి నవల రాసినామె? ఆమె తండ్రి పాదిరి. 1942లో ఒక ప్రసంగంలో ఆమె అన్నదాని సారాంశం చెప్తాను. వడ్రంగికి చర్చి 'తాగకు, ఆదివారం గుడికి రా' అని చెప్తే చాలదు. అతని మతం అతన్ని మొట్టమొదట అడగాల్సింది మంచి బల్లలు చెయ్యమని. దీన్ని కాగితం మీద రాసి నా టేబుల్ ఎదుట అంటించుకున్నాను. నీ కథ ముందు మంచి బల్ల కావాలి, నాలుగు కాళ్లూ నేలకు ఆనాలి.

ప్రసంగం లేకుండా విశ్వాసం ఎట్లా పలుకుతుందో చూడాలంటే మెరిలిన్ రాబిన్సన్ 2004లో రాసిన 'గిలియడ్' చదువు. వయసు మీదపడ్డ పాస్టరు ఏడేళ్ల కొడుక్కి రాసే ఉత్తరం అది, అంతే. నెమ్మదిగా నడుస్తుంది, ట్రైన్‌లో కుదరదు. ఆదివారం మధ్యాహ్నానికి ఉంచుకో.

ఏ పుస్తకమైనా మొదటిసారి చేతిలో పెన్సిల్ లేకుండా చదువు. మోసపో, భయపడు, ఏడువు. నేను రచయిత్రిని అన్న ఆలోచన పక్కనపెట్టు. ఎవరు చేశారో తెలిశాక రెండోసారి మొదలుపెట్టు, అప్పుడు పెన్సిల్ తీసుకో. అసలు ఆధారం ఏ పేజీలో, ఏ చిన్న పని మధ్యలో దాచారో గీత గియ్యి. చాలాసార్లు అది టీ పోసే సీన్‌లోనో బట్టలారేసే సీన్‌లోనో ఉంటుంది, పక్కనే ఇంకేదో పెద్ద గొడవ జరుగుతుంటుంది. హన్మకొండ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి నడుస్తోంది. సెలవురోజున అక్కడికి పోయి పాత తెలుగు డిటెక్టివ్ నవలలున్నాయేమో అడుగు. ఇంగ్లిష్ పుస్తకాలతోనే సరిపెట్టుకుంటే నీ మనుషులు తెలుగులో మాట్లాడరు. పేపరు అట్ట మాత్రం వెయ్యకు.

పిల్లగాడి సంగతి చెప్పలేదు కదూ. నువ్వు నవల ముగింపు తోచడం లేదన్నావు, అందుకే ఆపి ఉంచాను. తర్వాతి ఆదివారం ఆ సంఘపెద్ద గుడిలో లేచి నిలబడి, తానే తీశానని, కూతురి ఆస్పత్రి ఖర్చుకని, పిల్లగాణ్ని తిట్టినప్పుడు నోరు మూసుకున్నది అంతకన్నా పెద్ద తప్పని చెప్పాడు. వాణ్ని క్షమాపణ అడిగాడు. వాడు తల ఎత్తలేదు. లేచి బయటికి నడిచాడు. ఏడాదిపాటు గుడికి రాలేదు, లైట్లు ఇంకెవరో వెలిగించారు. ఆ ఏడాది సంఘపెద్ద చివరి వరసలో చెప్పుల పక్కన కూర్చునేవాడు.

మళ్లీ కోత పండుగ వచ్చింది. వేపచెట్టు కింద ఆయన తెచ్చిన గుమ్మడికాయ వేలానికి పెట్టారు. పెద్దకాయ. ఎవరూ పాట పాడలేదు. పాస్టరు గారు రెండుసార్లు అడిగారు. అవ్వ చీపురు ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తోంది. మేం పిల్లలం కూడా ఊపిరి బిగబట్టాం. అప్పుడు వెనకనుంచి, గోడ అవతలినుంచి ఒక గొంతు.

"రూపాయి."

జనవరిలోగా మార్చిన మూడో చాప్టర్ పంపు.

నీ మేడం