నాన్నకు నీటికాసులు అన్నారు, ఇక్కడ కూర్చుని నేనేం చేయాలి?

తమ్ముడూ, ఊళ్ళో నాన్నకు నీటికాసులు (గ్లాకోమా, కంటి లోపలి ఒత్తిడితో చూపు నరం దెబ్బతినే జబ్బు) అన్నారని, వెంటనే బయల్దేరనా, గుడ్డితనం వస్తుందా అని రాశావు. ముందు ఆ విమానం టికెట్ సంగతి పక్కన పెట్టు. కన్ను ఎర్రబడి, తట్టుకోలేని నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు ఉంటే అది వేరే సంగతి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీ నాన్నగారికి అవేమీ లేవన్నావు కదా. అయితే ఇది ఏళ్ళ తరబడి నడిచే వ్యవహారం. నువ్వు మాంచెస్టర్ నుంచి నరసన్నపేట పరిగెత్తి పది రోజులు పక్కన కూర్చున్నా తేలేదేమీ లేదు.

మా నాన్నకు విజయనగరంలో ఈ మాట చెప్పి పద్నాలుగేళ్ళయింది. ఇప్పటికీ పేపరు చదువుతారు. కానీ ఎడమ కంటికి పక్కచూపు సగం లేదు. తప్పులో నాకూ వాటా ఉంది. "మందు వేసుకుంటున్నావా నాన్నా?" అని ఫోన్లో అడిగేదాన్ని. ఆయన "ఆఁ" అనేవారు. నేను పెట్టేసేదాన్ని. సీసా అయిపోతే నెలా రెండు నెలలు వదిలేసేవారట. అమ్మ పోరితే "నాకేటైంది, బాగానే కనిపిస్తంది కదా" అనేవారట. నిజమే, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. ఈ జబ్బు మోసమే అది.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఒకసారి ఆయనతో వెళ్ళాను. అంత ఎత్తున సిరిమాను కొసన కూర్చున్న పూజారిని నాకంటే ముందు చూసి చూపించారు. ఎడమ పక్కన కొబ్బరికాయల బుట్టతో నిలబడ్డ కుర్రాణ్ని మాత్రం మూడుసార్లు గుద్దుకున్నారు. వారం తిరక్కుండా విశాఖ తీసుకెళ్ళి ఫీల్డ్ టెస్ట్ చేయించాం. పక్కచూపు ఎంతుందో చూసేందుకు, గడ్డం ఆనించి, లైటు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష. కాగితం మీద ఎడమ కన్ను బొమ్మలో ఒక పక్కంతా నల్లగా వచ్చింది. "పాత రిపోర్టు ఏదీ?" అన్నారు డాక్టరు. అంతకుముందు చూపించిన చోట అడిగితే ఫైలు లేదన్నారు, బిల్లులు మాత్రం ఉన్నాయి! ఆ నలుపు మొన్న వచ్చిందో, ఆరేళ్ళ క్రితమే ఉందో చెప్పేవాళ్ళు లేకపోయారు.

అందుకే నీకు మొదటి పని కాగితాలు. ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ (కంటి వెనక నరాన్ని చూపే స్కాన్), కంటి ఒత్తిడి అంకెలు అన్నీ అమ్మ చేత ఫోటో తీయించి నీ దగ్గర పెట్టుకో. నీటికాసులు ఓపెన్ యాంగిల్ రకమా (కంట్లో నీరు బయటికి పోయే మూల తెరిచే ఉండేది), క్లోజ్డ్ యాంగిల్ రకమా (ఆ మూల మూసుకుపోయేది) అని అడిగి రాసుకో. వైద్యం దాన్ని బట్టే ఉంటుంది.

గుడ్డితనం వస్తుందా అన్నావు. స్వీడన్‌లోని మాల్మోలో ఓపెన్ యాంగిల్ రకం రోగులను చివరిదాకా గమనించి 2013లో లెక్క చెప్పారు. రెండు కళ్ళ చూపూ పోయినవాళ్ళు దాదాపు 16 శాతం, ఒక కన్నయినా పోయినవాళ్ళు 42 శాతం. రెండూ పోయినవాళ్ళలో ఎక్కువమందికి అది ఎనభై దాటాకే. అమెరికాలో ఓల్మ్‌స్టెడ్ కౌంటీ లెక్క చూస్తే, 1981 తర్వాత జబ్బు బయటపడినవాళ్ళకు ఇరవై ఏళ్ళలో ఒక కన్ను పోయే అవకాశం అంతకు ముందువాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గి 13.5 శాతమైంది. పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడమే. కంటి ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు (బీపీలాగే దీన్నీ పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు) తగ్గినా ముదిరే ప్రమాదం సుమారు 10 శాతం తగ్గుతుందని ఇంకో పెద్ద పరిశోధనలో తేలింది. అలా తగ్గించేది ఆ కంటిచుక్కల మందే.

ఆ చుక్క కంట్లో పడుతోందా లేదా చూడు. మా నాన్నది చెంప మీదుగా కారి దిండు తడిపేది. అక్కడ రాత్రి తొమ్మిదంటే చలికాలంలో మనకు మధ్యాహ్నం మూడున్నర. వీడియో కాల్ చెయ్యి. పడుకోబెట్టి, కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్క మూల వేలితో ఓ నిమిషం నొక్కమను. రెండు మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు. ఉబ్బసం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి, టిమొలాల్ అనే ఒత్తిడి తగ్గించే చుక్కల మందు పడదు. దురద అని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చుకోవద్దు, వాటితో ఒత్తిడి పెరగొచ్చు. ఇక్కణ్నుంచి మందులు పంపక్కర్లేదు, అక్కడ దొరికేవే.

అమ్మ అరసవిల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుందన్నావు. మొక్కుకోనీ, మా అమ్మా మొక్కుకుంది. దర్శనానికి వెళ్ళే సంచిలో చుక్కల సీసా కూడా ఉందో లేదో అడుగు.

ఇక నీ సంగతి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఇది ఉంటే నలభై నిండినవాళ్ళకు ఇంగ్లండ్‌లో కంటి పరీక్ష ఉచితం. నీకింకా ముప్పై మూడే, ఇప్పటికి డబ్బు కట్టి చేయించుకో. అద్దాలు అమ్మే కుర్రాడు అడక్కపోయినా మా నాన్నకు గ్లాకోమా అని నువ్వే చెప్పు. బొబ్బిలిలో ఉన్న మీ అక్కకు నలభై రెండు కదా, ఆవిణ్ని ఈ నెల్లోనే పంపించు.