మూడు లైట్లు వెలుగుతాయి, గడ్డి మాత్రం తెగదు

ప్రశ్న: మాది సైనిక్‌పురి. ఇంటి వెనక కాస్త లాన్ ఉంది. నాలుగేళ్ల కిందట 18 వోల్టుల కార్డ్‌లెస్ గడ్డి కోసే మిషన్ కొన్నాను. మొదట్లో ఒక్క చార్జింగ్‌తో లాన్ మొత్తం అయిపోయేది. ఇప్పుడు బ్యాటరీ మీద మూడు లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఒత్తుగా ఉన్న గడ్డి తగలగానే టక్కున ఆగిపోతుంది. కాసేపాగి మళ్లీ నొక్కితే తిరుగుతుంది. రిపేరు షాపులో చూపిస్తే మోటార్ మార్చాలన్నారు. నిజమేనా సార్?

జవాబు: మోటార్ జోలికి ఇప్పుడే పోకండి. మీరు చెప్పిన తీరు చూస్తే ముందు అనుమానించాల్సింది బ్యాటరీనే. చాలా ప్యాకుల్లో ఆ లైట్లు మిషన్ ఆగి ఉన్నప్పటి వోల్టేజీ చూసి వెలుగుతాయి, అంతే. బ్యాటరీలో సత్తా ఎంత మిగిలిందో వాటికి తెలీదు. లోపల ఐదు లిథియం సెల్స్ వరసగా కలిపి ఉంటాయి (పెద్ద ప్యాకైతే ఐదు జతలు), ఒక్కోటి 3.6 వోల్టులు, అన్నీ కలిపితే 18. సెల్ పాతబడేకొద్దీ లోపలి నిరోధం, అంటే కరెంటుకు తగిలే అడ్డు, పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ భేషుగ్గా చూపిస్తుంది, మోటార్ ఒక్కసారిగా కరెంటు లాగేసరికి పడిపోతుంది, బోరు మోటార్ వేయగానే ఇంట్లో లైట్లు మసకబారినట్టు. ఐదింట్లో ఏ ఒక్కటి 2.5 వోల్టుల దగ్గరకి దిగినా చాలు, లోపలి సర్క్యూట్ మొత్తాన్ని ఆపేస్తుంది, మిగతా నాలుగూ గట్టిగానే ఉన్నా సరే. లోడు తీయగానే వోల్టేజీ లేస్తుంది, లైట్లు మళ్లీ మూడు!

తేల్చుకోవడం సులువే. తెలిసినవాళ్ల దగ్గర అదే కంపెనీ, అదే వోల్టేజీ బ్యాటరీ ఉంటే ఓ గంట అడిగి మీ మిషన్‌కి పెట్టి చూడండి. అది ఆగకుండా కోస్తే మీ మోటార్ క్షేమం. ఈలోగా రెండు పనులు చేయండి. మిషన్ తల చుట్టూ చుట్టుకుపోయిన గడ్డి పీకేయండి, అది ఉన్నంతకాలం మోటార్ ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటుంది. బ్యాటరీ కూర్చునే చోట ఇత్తడి, రాగి రేకులు ఆకుపసరు పట్టి నల్లబడి ఉంటాయి, వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. ఒక్కోసారి దీంతోనే సగం జబ్బు పోతుంది.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉంటే ఫుల్ చార్జ్ చేసి, గంట ఆగి చూడండి. 21 వోల్టులకు కాస్త అటూ ఇటూ ఉండాలి. 20 లోపే ఆగిపోతోందంటే ఒక సెల్ వెనకబడిందనే అర్థం. ప్యాకు విప్పి చూడటం అలవాటున్నవాళ్లకే వదిలేయండి. 18 వోల్టులు షాక్ కొట్టవు కానీ ఉంగరమో వాచీ గొలుసో రెండు కొనలకూ తగిలితే అది ఎర్రగా కాలిపోతుంది.

ఇంకోమాట. బ్యాటరీని మేడమీద రేకుల షెడ్డులో పెట్టారా? మే నెలలో అందులో ఉడికితే నాలుగేళ్లు కూడా ఎక్కువే. పని అవగానే వేడిగా ఉన్నదాన్ని చార్జర్‌కి పెడితే చాలా చార్జర్లు లైటు మినుకుమంటూ ఊరుకుంటాయి, 45 డిగ్రీలు దాటితే చార్జ్ చేయకపోవడం వాటి ధర్మం. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మ పడుతుంది. ఫ్యాన్ కింద అరగంట చాలు.

ప్రశ్న: వానాకాలం తర్వాత హెడ్జ్ ట్రిమ్మర్ (కంచె మొక్కలు కత్తిరించే మిషన్) పక్కన పెట్టేశాం. ఇప్పుడు తీస్తే బ్యాటరీ పూర్తిగా డెడ్, చార్జర్‌లో ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఇంకో మంచి బ్యాటరీ నుంచి వైర్లు కలిపి కాసేపు ‘బూస్ట్’ ఇస్తే లేస్తుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు. లేవడం లేస్తుంది, అదే ప్రమాదం. సెల్ వోల్టేజీ మరీ అడుగంటి, ఒకటీ ఒకటిన్నర దగ్గర నెలల తరబడి ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ ఎక్కించినప్పుడు ఆ రాగి చోటుకాని చోట పేరుకుని లోపల్లోపలే షార్ట్ చేస్తుంది. ఆ రోజు బాగానే పనిచేసి, ఇంకోరోజు రాత్రి చార్జింగ్‌లో ఉండగా అంటుకోవచ్చు. చార్జర్ ఒప్పుకోవట్లేదంటే దానికో కారణం ఉంది, దాని మాట వినండి. వారంటీ ఉందేమో చూడండి, లేకపోతే కొత్తది కొనండి. పాతదాని కొనలకు టేపు చుట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో, ఈ-వేస్ట్ తీసుకునే చోటో ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. చెత్త ఆటోలో మాత్రం వేయకండి, నలిగితే మంటే.

ఈసారి పక్కన పెట్టేటప్పుడు సగం చార్జ్‌తో, మిషన్ నుంచి విడదీసి, ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. రెండు మూడు నెలలకోసారి ఓ చూపు చూడండి.

ప్రశ్న: రాణిగంజ్‌లో సెల్స్ మార్చిస్తామన్నారు. ఆన్‌లైన్‌లో 9800 ఎంఏహెచ్ సెల్స్ చవకగా దొరుకుతున్నాయి, అవి కొనిస్తే ఎలా ఉంటుంది?

జవాబు: ఎంఏహెచ్ అంటే సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత. ఆ 9800 అంకె పచ్చి అబద్ధం. 18650 సైజు (18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు) సెల్ ఎంత మంచి కంపెనీదైనా 3,500, మహా అయితే 4,000 దగ్గర ఆగిపోతుంది. గడ్డి మిషన్లకు కావాల్సిన, ఎక్కువ కరెంటు ఇవ్వగల రకమైతే 2,000 నుంచి 3,000 మధ్యే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లోంచి తీసినవి పెడితే వేడెక్కి చస్తాయి. మార్పిస్తే అన్ని సెల్సూ ఒకే రకం, ఒకేసారి మార్పించండి. ఒక్క చెడ్డదాన్ని మార్చి చేతులు దులుపుకునేవాళ్లుంటారు, కొన్నాళ్లకే మళ్లీ అదే గోల. స్పాట్ వెల్డింగ్ మిషన్ ఉందా అని అడగండి, సోల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తానంటే దండం పెట్టి వచ్చేయండి.

ప్రశ్న: మిద్దె తోటకి వాడే బ్యాటరీ స్ప్రేయర్‌ని కూడా సగం చార్జ్‌తోనే దాచాలా?

జవాబు: ముందు దాని బ్యాటరీ మీద ఏం రాసుందో చూడండి. చాలా స్ప్రేయర్లలో ఉండేది 12 వోల్టుల లెడ్ యాసిడ్, లిథియం కాదు. దానికి లెక్క పూర్తిగా రివర్స్: ఎప్పుడూ ఫుల్‌గా ఉంచాలి, వాడకపోయినా నెలకోసారి చార్జింగ్ పెట్టాలి.