ఆఫీసుకు రెండు గంటలు, ఇంటికి రెండు గంటలు... ఎన్నాళ్లిలా?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2021లో హైదరాబాద్ వనస్థలిపురంలో ఫ్లాట్ కొన్నాం. అప్పట్లో నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. మావారు హయత్‌నగర్ దగ్గర టీచర్, ఆయనకు పావుగంట దారి. ఇప్పుడు మా ఆఫీసు వాళ్లు వారానికి నాలుగు రోజులు నానక్‌రామ్‌గూడ రమ్మంటున్నారు. ఎల్బీనగర్ దాకా స్కూటీ, అక్కణ్నుంచి మెట్రో. ఉదయం ఏడున్నరకు బయల్దేరితే చేరేసరికి తొమ్మిదిన్నర. సాయంత్రం ఆరున్నరకు బయటపడితే ఇల్లు చేరేది ఎనిమిదిన్నరకు, ఒక్కోరోజు తొమ్మిది దాటుతుంది. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. అత్తయ్య, మామయ్య మాతోనే ఉంటారు. ఆఫీసు దగ్గర అద్దెకు వెళ్దామంటే మావారు ‘సొంతిల్లు పెట్టుకుని అద్దె కొంపా? మా బాబాయి కొడుకు వరంగల్ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేయట్లేదా?’ అంటారు. మరీ కష్టమైతే మానేయమంటారు. ఇంటి లోన్ కిస్తీ నా జీతంలోంచే పోతోంది. ఈమధ్య సెల్లార్‌లో స్కూటీ ఆపి, లిఫ్ట్ ఎక్కకుండా పది నిమిషాలు అలాగే కూర్చుండిపోతున్నా. అసలు ఎంతసేపు ప్రయాణమైతే సబబు? నేనే ఎక్కువ చేస్తున్నానా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక సెల్లార్‌లోని ఆ పది నిమిషాల దగ్గరే ఆగిపోయాను. పిల్లలు పైనే ఉన్నారు. పొద్దున్నుంచి మీ పరుగంతా వాళ్ల కోసమే. అయినా లిఫ్ట్ బటన్ నొక్కడానికి చెయ్యి రావడం లేదు. పిల్లల మీద ప్రేమ తగ్గుతోందేమోనని మీరు లోలోపల భయపడుతున్నట్టు అనిపించింది. కాదమ్మా. ఆఫీసులో తొమ్మిది గంటలు, దారిలో నాలుగు గంటలు, పైకి వెళ్తే హోంవర్కు, గిన్నెలు, రేపటి టిఫిన్. రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగని పది నిమిషాలు అవే. ఒళ్లు వాటిని వెతుక్కుంటోంది, అంతే. మీరు ఎక్కువ చేయడం లేదు.

ఇక ఎంతసేపైతే సబబు అన్నారు. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చునేదాకా ఎంతైతే అంతా ప్రయాణమే. ‘ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం గంటే కదా’ అనేవాళ్లు మెట్రో లోపలి గంటనే చూస్తారు. దానికి ముందు స్కూటీ, పార్కింగ్, చెకింగ్ ఉన్నాయి. నడుమ అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి, మెట్లెక్కి, బ్లూ లైన్‌లో జనాన్ని తోసుకుంటూ ఎక్కాలి. రాయదుర్గంలో దిగాక షేర్ ఆటో. పొద్దున ఎల్బీనగర్ మొదటి స్టేషన్ కాబట్టి అమీర్‌పేట దాకా సీటు దొరుకుతుంది. సాయంత్రం రాయదుర్గం మొదటిదే, సీటు దొరకొచ్చు, కానీ అక్కణ్నుంచి అమీర్‌పేట దగ్గరే. అసలు ఒళ్లు కూలబడే వేళకు, అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా ఆ పొడుగు దారి, భుజాన లాప్‌టాప్ బ్యాగుతో నిలబడి రావాలి.

ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1994లో ఒక వ్యాసం రాశారు. మనిషి ఏ కాలంలోనైనా రోజుకు సుమారు ఒక గంటే తిరుగుడుకు వెచ్చిస్తాడని, వాహనాల వేగం పెరిగితే దూరం పెరుగుతుంది గానీ ఆ గంట మారదని ఆయన వాదన. రానూపోనూ కలిపి గంట! హైదరాబాద్‌లో అంత అదృష్టం చాలామందికి లేదు. నేను ఇన్నేళ్లుగా చూసినంతలో చెప్పేదేమిటంటే, చిన్నపిల్లలున్న ఇంట్లో ఒకవైపు గంట, మహా అయితే గంటంపావు. అది దాటితే నిద్రలోనో, తిండిలోనో, పిల్లల దగ్గరో ఎక్కడో ఒకచోట కోత పడుతుంది. మీది రెండు గంటలు. నాలుగు రోజులకు 16 గంటలు. ఏడాదిలో 48 వారాలు వెళ్తారనుకున్నా 768 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే 96 రోజులు. ఈ లెక్క మీ వారికి చూపించండి.

మీ వారి బాబాయి కొడుకు సంగతికి వస్తాను. నేనూ ఒకప్పుడు మూడేళ్లు కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు సీజన్ టికెట్ మీద తిరిగాను. 132 కిలోమీటర్లు. రోజూ అదే రైలు, అవే ముఖాలు. సాయంత్రం భువనగిరి వచ్చేలోపు మేమంతా కబుర్లాడుకుంటూ మర్నాటి చిక్కుడుకాయలకు ఈనెలు తీసేసుకునేవాళ్లం. తర్వాత జనగామ దాకా కునుకు. కూర్చుని వచ్చే రెండు గంటలూ, కడ్డీ పట్టుకుని వేలాడే రెండు గంటలూ ఒకటి కావు. అలా కూర్చుని వచ్చినా సరే, మా అమ్మాయికి మొదటి పాలపన్ను ఊడిన సంగతి నాకు రెండు రోజుల తర్వాత పక్కింటావిడ చెబితే తెలిసింది. నేను వెళ్లేసరికి అది నిద్రలో, వచ్చేసరికి నిద్రలో. ఆ వారమే హైదరాబాద్‌లో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. ఆ అబ్బాయి చేయగలుగుతున్నాడంటే సంతోషమే. అతను ఇల్లు చేరేసరికి కంచంలో అన్నం ఎవరు వడ్డిస్తున్నారో కూడా మీ వారిని ఒకసారి అడిగి కనుక్కోమనండి.

2021లో మీరు తప్పేమీ చేయలేదు. అప్పుడు మీ ఆఫీసు పడకగదిలో టేబుల్ మీదే ఉంది. మీ వారికి బడి దగ్గర, పెద్దవాళ్లకు తెలిసిన కాలనీ, మంచి ఇల్లు. ఇప్పుడు ఆఫీసు నానక్‌రామ్‌గూడకు జరిగింది, ఆ బరువంతా మీ ఒక్కరి మీదే పడింది. బ్రూనో ఫ్రై, అలాయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీలో సర్వేకు జనం చెప్పిన జవాబులు చూసి, ప్రయాణం పెరిగేకొద్దీ బతుకులో తృప్తి తగ్గుతోందని, మంచి ఇల్లో మంచి జీతమో ఆ లోటును పూడుస్తుందన్న లెక్క నిలబడలేదని తేల్చారు. మీ సెల్లార్‌లో జరుగుతున్నదీ అదే.

ముందు ఆఫీసులో అడగండి. ఎనిమిది నుంచి ఐదు వేళలకు మారొచ్చా, వారానికి మూడు రోజులు చాలా, ఉప్పల్, పోచారం వైపు శాఖేమైనా ఉందా. నోటిమాటగా కాదు, మెయిల్ పెట్టండి.

అది కుదరకపోతే ఇల్లు మారాల్సిందే. సొంతిల్లు అమ్మమనను, అద్దెకివ్వండి. వచ్చే అద్దె కట్టే అద్దెకు కొంత ఆసరా. అలాగని ఆఫీసు పక్కనున్న గచ్చిబౌలికీ వెళ్లమనను. అప్పుడు మీ నాలుగు గంటలు తీసి మీ వారి నెత్తిన పెట్టినట్టవుతుంది. మధురానగర్, యూసుఫ్‌గూడ వైపు చూడండి. మీకు అమీర్‌పేటలో మారే బాధ ఉండదు, బ్లూ లైన్‌లో నేరుగా రాయదుర్గం. ఆయన అమీర్‌పేట నుంచి రెడ్ లైన్‌లో ఎల్బీనగర్, అక్కణ్నుంచి బస్సులో హయత్‌నగర్. పొద్దున ఐటీ వైపు పోయే జనానికి ఎదురుదారి కాబట్టి ఆయనకు కాస్త నయమే. ఇద్దరికీ ఒకవైపు గంటా గంటంపావులో తేలొచ్చు. సెలవు రోజు కాదు, సోమవారం పొద్దున ఇద్దరూ ఆ దారిలో వెళ్లి చూడండి. పిల్లల్ని ఏడాది మధ్యలో బడి మాన్పించొద్దు, జూన్‌లో మారండి. అత్తయ్యనీ మామయ్యనీ కూర్చోబెట్టి విషయం మీరే చెప్పండి. ఆ వయసులో పార్కులో నలుగురు తెలిసినవాళ్లను వదిలి రావడం చిన్న విషయం కాదు. వాళ్లు సణిగినా విని ఊరుకోండి.

మానేయడం గురించి ఇప్పుడు తేల్చొద్దు. ఇంత అలసటలో ఏ నిర్ణయమూ సరిగా రాదు. పైగా కిస్తీ మీ జీతంలోంచి పోతున్నప్పుడు, ‘మానేయ్’ అన్నవాళ్లు అది ఎవరు కడతారో కూడా చెప్పాలి. జూన్ వరకు మాత్రం, మీరు ఆఫీసుకు వెళ్లే నాలుగు రోజులూ రాత్రి వంటిల్లు, హోంవర్కు మీ వారివి. టీచర్ కదా, హోంవర్కు ఆయనకు కొత్తేమీ కాదు.

మీరు రాయలేదు గానీ ఒకటి అడుగుతున్నా. దారిలో బాత్రూమ్ ఇబ్బందని పొద్దున నీళ్లు తాగడం తగ్గించారా? నా దగ్గరికి వచ్చే చాలామంది ఆడవాళ్లు ఇదే చేస్తున్నారు, యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటున్నారు. అలా చేయొద్దు.

రెండు వారాలపాటు ఒక నోట్‌బుక్‌లో బయల్దేరిన టైమూ, చేరిన టైమూ రాయండి. బాగున్న రోజుతో పాటు వర్షం పడ్డ రోజూ రాయండి. ఆ తర్వాతి ఆదివారం అది ముందు పెట్టుకుని మాట్లాడుకోండి. అంతదాకా ఆగక్కర్లేని పని ఇంకొకటుంది. సెల్లార్ సంగతి ఆయనకు తెలియదని నా అనుమానం. ఈ గురువారం రాత్రి స్కూటీ ఆపగానే ఫోన్ చేసి కిందికి రమ్మనండి. ఏమీ మాట్లాడక్కర్లేదు, ఆ పది నిమిషాలు మీ పక్కన నిలబడితే చాలు.