గానుగ నూనె సీసా మీద ఏం రాయాలి?

ప్రశ్న: మాది వనపర్తి. చెక్క గానుగలో పల్లీ నూనె ఆడించి అమ్ముతున్నాం. లేబుల్ మీద '100 శాతం ప్యూర్, ప్రీమియం క్వాలిటీ, కొలెస్ట్రాల్ లేదు' అని వేయించాం. వచ్చినవాళ్లు సీసా చేతిలోకి తీసుకుని, రేటు చూసి మళ్లీ పెట్టేస్తున్నారు. ఏం రాస్తే కొంటారు?

జవాబు: మీరు రాసినవన్నీ కిరాణా షాపులో ప్యాకెట్ల మీద కూడా ఉంటాయి కదండీ, మరి అంత రేటు పెట్టి మీదే ఎందుకు కొనాలో ఆ మాటల్లో ఎక్కడుంది? కొలెస్ట్రాల్ సంగతే చూడండి, ఏ గింజ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు, కాబట్టి అది మీ ఒక్కరి గొప్ప కాదు. ఇంక '100 శాతం' అనే మాట లేబుళ్ల మీద వాడొద్దని 2025 మేలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది, అది తీసేయండి. షుగర్ తగ్గుతుంది, గుండెజబ్బు రాదు లాంటివి ఎవరు రాయమన్నా అస్సలు రాయొద్దు, రూల్స్ ఒప్పుకోవు.

నన్నడిగితే మీకు కావాల్సిన మాటలు మీ కౌంటర్ దగ్గరే దొరుకుతాయి. కొనకుండా వెళ్లేవాళ్లు ఏం అడుగుతున్నారో కొన్నాళ్లు వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంత రేటేంటి అంటారు, అడుగున ఆ మడ్డి ఏంటి కల్తీనా అంటారు, ఇంత వాసనేంటి అంటారు. లేబుల్ వీటికే జవాబు చెప్పాలి.

రేటుకి: 'లీటరు నూనెకి రెండున్నర కిలోల పల్లీలు'. ఇది సుమారు లెక్క, మీ గానుగలో ఎంత పడుతుందో తూచి ఆ అంకే వేయండి, పల్లీల ధర తెలిసిన మనిషి మిగతా లెక్క తనే వేసుకుంటుంది. మడ్డికి: 'బట్టతో వడకట్టాం, రిఫైన్ చేయలేదు. అడుగున కనిపించేది పల్లీ పిండే'. ఈ ఒక్క ముక్క లేకపోతే ఇంటికెళ్లాక కూడా అనుమానం పోదు, రెండోసారి రారు, అందుకే దీన్ని వెనక చిన్న అక్షరాల్లో కాకుండా ముందే పెద్దగా వేయండి. వాసన గురించి ఎక్కువ రాయక్కర్లేదు, మూత తీసి చూపించండి చాలు.

కొత్త లేబుళ్లు వేలల్లో కొట్టించకండి, ముందు ఈ రెండు మాటలు స్టిక్కర్ మీద వేసి కొన్ని సీసాలకి అంటించండి. మడ్డి గురించి అడగడం తగ్గిందంటే అప్పుడు ప్రెస్‌కి ఇవ్వండి.