ఒమన్ ప్రయాణం: పొద్దు చూసుకుని బండి తియ్యండి

నవంబరు చివర్లో ఒమన్ వెళ్లాలనుకునే పాఠకుల ప్రశ్నల్లోంచి నలుగురికీ పనికొచ్చేవి ఏరి, ఈసారి వాటికే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నలుగురం, ఎనిమిది రోజులు. సముద్రం, ఎడారి, కొండలు మూడూ చూడాలి. మస్కట్‌లోనే గది తీసుకుని రోజూ ఒకవైపు వెళ్లి వస్తే సరిపోతుందా?

సరిపోదు. నవంబరు చివరి వారంలో మస్కట్‌లో సుమారు 6.25కి తెల్లవారి, 5.20కే పొద్దు గూకుతుంది. పగలు పదకొండు గంటలు కూడా లేదు. కొండల వైపున్న నిజ్వా 160 కిలోమీటర్లు, తూర్పు తీరాన ఉన్న సూర్ 200 కిలోమీటర్లు. రోజూ వెళ్లి రావడానికే నాలుగైదు గంటలు పోతే చూడ్డానికి మిగిలేది మిట్టమధ్యాహ్నపు ఎండే. చీకటి పడ్డాక నడుపుదాం లెమ్మనుకుంటే ఎడారి ఉన్న షర్కియా ప్రాంతం వైపు రోడ్ల మీదికి ఒంటెలు వస్తాయి. లైటు వెలుగు పడేది వాటి కాళ్ల మీద, ఢీకొంటే మొండెం వచ్చి పడేది మీ అద్దం మీద.

అందుకని వెనక్కి తిరగకుండా చుట్టి వచ్చేలా వెయ్యండి. మస్కట్‌లో రెండు రాత్రులు, సూర్‌లో ఒకటి, షర్కియా ఇసుక ఎడారిలో ఒకటి, నిజ్వాలో రెండు, మళ్లీ మస్కట్‌లో ఒకటి. ఆదివారం దిగితే ఈ వరుస వారాలతో చక్కగా కలుస్తుంది. ఎందుకంటే అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులోకి ముస్లిమేతరులను శనివారం నుంచి గురువారం దాకా, ఉదయం 8 నుంచి 11 వరకే రానిస్తారు. సోమవారం పొద్దున్నే ఆ పని ముగించండి. ఆడవాళ్లు తల, మణికట్టు దాకా చేతులు, చీలమండల దాకా కాళ్లు కప్పుకోవాలి. చుడీదార్ మీద చున్నీ తల నిండా వేసుకుంటే చాలు, పల్చటి బట్టైతే ఒప్పుకోరు. మత్రా బజారు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చాలావరకు మూసే ఉంటుంది, కాబట్టి దానికి సాయంత్రం కేటాయించండి.

మంగళవారం సూర్ దారి. ఏడింటికే బయల్దేరితే దారిలో బిమ్మా గుంట (నేల కుంగి ఏర్పడిన నీటి గొయ్యి) చూసుకుని తొమ్మిదిన్నరకు వాదీ షాబ్ చేరతారు. వాదీ అంటే వాగు, సంవత్సరంలో ఎక్కువ రోజులు ఎండి ఉండేది. షాబ్‌లో మాత్రం లోపల ఎప్పుడూ నీళ్లుంటాయి. మొదట్లో నీటిపాయ దాటడానికి చిన్న పడవ, రానూపోనూ మనిషికి ఒక రియాల్. అక్కడి నుంచి ముప్పావు గంట నడక, ఆపైన మడుగుల్లో ఈత. చివర తల మాత్రమే పట్టే బండసందులోంచి ఈదితే గుహలో జలపాతం. ఈత బాగా రానివాళ్లు లైఫ్ జాకెట్ తీసుకెళ్లండి, లోతైన చోట్ల కాలు అందదు. రబ్బరు చెప్పులు వద్దు. నున్నటి తడి రాళ్ల మీద జారేది అవే, వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకోండి.

బుధవారం వాదీ బనీ ఖాలిద్ చూసుకుని ఎడారి అంచున ఉన్న బిదియా ఊరు, మధ్యాహ్నం మూడున్నరకల్లా ఇసుక అంచుకు. గురువారం నిజ్వా. శుక్రవారం పొద్దున కోట పక్కన పశువుల సంత ఉంటుంది. మేకల్ని గుండ్రంగా తిప్పుతూ బేరాలాడతారు, తొమ్మిదింటికల్లా సందడి సర్దుకుంటుంది. లేచి కాఫీ తాగి వెళ్దామనుకుంటే తాడూ పేడా మిగులుతాయి. సంత అయ్యాక జబల్ షమ్స్ (జబల్ అంటే కొండ), రెండు గంటల దారి. శనివారం బహ్లా, జబ్రీన్ కోటలు చూసుకుని మస్కట్.

ఒక జాగ్రత్త. జాతీయ దినోత్సవాన్ని 2025 నుంచి నవంబరు 20కి మార్చారు. ఆ సెలవులకు అక్కడివాళ్లే ఎడారి క్యాంపులకు కుటుంబాలతో వెళ్తారు. ఆ వారంలో వెళ్తుంటే ముందు క్యాంపు ఖాయం చేసుకుని, మిగతా రోజులు దాని చుట్టూ అమర్చుకోండి.

ప్రశ్న: షర్కియా ఇసుకలో క్యాంపుకు మేమే ఫోర్‌వీల్ డ్రైవ్ నడుపుకుంటూ వెళ్లొచ్చా? మామూలు రోడ్ల మీద పన్నెండేళ్ల అనుభవం ఉంది.

వెళ్లొచ్చు గానీ ఆ పన్నెండేళ్ల అలవాట్లలో రెండు ఇక్కడ పనికిరావు. బ్రేకు గట్టిగా తొక్కడం, కూరుకుంటే ఇంకాస్త యాక్సిలరేటర్ ఇవ్వడం.

ముందుగా అద్దె కాగితం చదవండి. చాలా ఒప్పందాల్లో ఇసుకలో, వాగునీళ్లలో జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ వర్తించదు. స్టెప్నీ నిజంగా ఉందా, జాకీ ఉందా, లాగే కొక్కెం ఎక్కడ తగిలించాలి అన్నవి ఆఫీసు దగ్గరే చూసుకోవాలి. టైరు గాలి చూసే గేజి, కంప్రెసర్, పార, ఆరడుగులైనా ఉన్న చెక్క పలకో ఇసుక నిచ్చెనో (కూరుకున్న చక్రం కింద పెట్టే పట్టీ) బండిలో ఉండాలి. మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు.

అల్ వాసిల్‌లోనో బిదియాలోనో తారురోడ్డు దిగేముందు నాలుగు టైర్లలో గాలి 15-18 పీఎస్‌ఐకి తగ్గించండి. రోడ్డు మీద 35 దాకా ఉండే గాలి సగమయ్యేసరికి టైరు పొడవుగా పరుచుకుంటుంది. బండి బరువు ఎక్కువ ఇసుక మీద పంచుకోవడంతో దిగబడదు. మరీ 12 కంటే తగ్గించి స్టీరింగ్ ఒక్కసారిగా కొడితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడొస్తుంది. అక్కడ కూర్చుని దాన్ని మళ్లీ ఎక్కించడం మామూలు పని కాదు.

గట్టి జాడ మీద ఫోర్ హై (నాలుగు చక్రాలకూ మామూలు గేరు) చాలు, మెత్తటి చోట్ల ఫోర్ లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు). ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి. చక్రం జారగానే అది ఇంజిన్ బలం కోసేస్తుంది, సరిగ్గా బలం కావాల్సిన చోట బండి నిలిచిపోతుంది. ఒకే వేగం, పెద్ద మలుపులు. ఆగాలంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యండి, ఇసుకే ఆపుతుంది. బ్రేకు తొక్కితే ముందు చక్రాల ఎదుట ఇసుక గుట్టలా పోగుపడి, మళ్లీ కదలడానికి అదే అడ్డమవుతుంది. ఎప్పుడు ఆపినా ముక్కు పల్లం వైపు ఉండాలి. దిబ్బ ఎక్కినా దిగినా నిటారుగానే. ఎక్కలేకపోతే పక్కకు తిప్పకుండా వచ్చిన జాడలోనే రివర్సులో దిగండి. అడ్డంగా తిప్పిన బండే బోల్తా పడుతుంది.

చక్రం ఒక్కచోటే తిరగడం మొదలైన క్షణాన ఆపేస్తే పది నిమిషాల పని. ఆపకపోతే బండి కడుపు ఇసుకకు ఆనుతుంది, గంట పని. చక్రాల ముందూ వెనకా, కడుపు కిందా పారతో ఇసుక తీసి, అవసరమైతే గాలి 12కి దించి, వచ్చిన జాడలోనే నెమ్మదిగా వెనక్కి రండి. పొద్దున చల్లటి ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది. నడినెత్తి ఎండలో వదులవుతుంది, పైగా నీడలు పడకపోవడంతో దిబ్బ ఎక్కడ తెగిందో కనపడదు. పొద్దు వాలేవేళ దిబ్బల మీద విన్యాసాలు మానుకోండి, 5.20 తర్వాత చీకటి త్వరగా కమ్ముకుంటుంది.

తిరిగి తారురోడ్డెక్కగానే గాలి నింపాల్సిందే. తక్కువ గాలితో 120 వేగంలో పోతే టైరు పక్కగోడ మడతపడి మడతపడి వేడెక్కి పేలుతుంది. ఇసుకలో ఏమీ కాకుండా బయటపడి, ఇక్కడ దెబ్బతినేవాళ్లున్నారు.

ఇంతా చదివి భయమేస్తే మా సలహా ఒక్కటే: తోడుగా రెండో బండి లేకపోతే మీరు నడపకండి. చాలా క్యాంపులవాళ్లు రోడ్డు పక్క పెట్రోలు బంకు దగ్గరకే జీపు పంపుతారు. మీ బండి అక్కడ వదిలేసి వెళ్లొచ్చు. అప్పుడు ఇసుక కోసం పెద్ద బండి అక్కర్లేదు. జబల్ షమ్స్ దారిలో మట్టిరోడ్డు ముక్క మాత్రం ఎత్తైన బండినే కోరుతుంది. జబల్ అఖ్దర్ వైపైతే బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టులో ఫోర్‌వీల్ డ్రైవ్ కాకపోతే వెనక్కి పంపేస్తారు, రోడ్డు తారుదైనా సరే. ఆ వాలులో బ్రేకులు వేడెక్కుతాయి.

ప్రశ్న: నవంబరులో వాన భయం ఉంటుందా?

వాన తక్కువే, కానీ లేదనుకోవద్దు. అరేబియా సముద్రంలో తుపాన్లకు రెండు అదను‌లు: మే-జూన్, అక్టోబరు-నవంబరు. 2021 అక్టోబరులో షాహీన్ ఉత్తర తీరాన్నే తాకింది. తుపాను లేకపోయినా కొండల మీద కురిసిన గంట వాన చాలు. బండరాయి నీళ్లను పీల్చదు, అంతా వాగులోకే దూకుతుంది. మీరున్న చోట ఆకాశం నీలంగానే ఉంటుంది, నీళ్లు మలుపు తిరిగి మీద పడతాయి. కాబట్టి కొండల వైపు మబ్బు కమ్మినా, మడుగులో నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా బట్టలు వెతుక్కోకుండా గట్టెక్కండి. వాగు గర్భంలో గుడారం వెయ్యొద్దు. పారే వాగును బండితో దాటడం అక్కడ చట్టప్రకారం నేరం కూడా. పోలీసు, అంబులెన్సు అన్నింటికీ నంబరు 9999.

ప్రశ్న: వేడి దేశానికి స్వెట్టర్ ఎందుకు మోయమంటున్నారు?

మస్కట్‌లో పగలు 30 డిగ్రీలే. కానీ జబల్ షమ్స్ దాదాపు 3,000 మీటర్ల ఎత్తు. పైన రాత్రి పది డిగ్రీలకు, గాలి వీస్తే అంతకంటే కిందికి చలి దిగుతుంది. ఎడారిలోనూ తెల్లవారుజామున దుప్పటి లాగుతారు. ఒక్కొక్కరికి ఒక స్వెట్టర్ చాలు.

ప్రశ్న: అత్తయ్యగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడను ఇంట్లో వదిలి రావాలా?

వదలక్కర్లేదు. షాబ్ ఒక్కటి ఆవిడకు కుదరదు, ఆ పూట సూర్ తీరంలో కూర్చోబెట్టండి. వాదీ బనీ ఖాలిద్‌లో పార్కింగ్ నుంచి మొదటి మడుగు దాకా సాఫీ దారే, గట్టున కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకోవచ్చు. నిజ్వా కోట బురుజు మెట్లు నిటారుగా, చీకటిగా ఉంటాయి. ఆవిడను కింద బజారులో హల్వా దుకాణం దగ్గర ఉంచండి. బిర్కత్ అల్ మౌజ్‌లో పారే ఫలజ్ (కొండ నీళ్లను ఊళ్లోకి తెచ్చే పాత కాలువ) పక్కన ఖర్జూర తోటలో నడక సులువు. ఒమన్‌లోని ఈ కాలువల్లో ఐదింటిని యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రశ్న: సలాలా కూడా కలుపుకోవచ్చా? జలపాతాల ఫొటోలు చూశాం.

ఆ ఫొటోలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే ఖరీఫ్ (అక్కడి వానల) కాలానివి. నవంబరు చివరికి కొండలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి, సముద్రం మాత్రం శాంతంగా, ఈతకు బాగుంటుంది. రోడ్డున వెయ్యి కిలోమీటర్లు. ఎనిమిది రోజుల్లో వద్దు. పది పన్నెండు రోజులుంటే విమానంలో వెళ్లి, వాదీ దౌకాలో సాంబ్రాణి చెట్లు, ఖోర్ రోరీ దగ్గర సమ్‌హరమ్ శిథిలాలు చూసి రండి.

ప్రశ్న: తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడొచ్చా?

రాస్ అల్ జింజ్‌లో పచ్చ తాబేళ్లు ఏడాదంతా వస్తాయి, కానీ జోరు వేసవిలోనే. నవంబరులో ఒకటో రెండో కనపడితే అదృష్టం. గైడుతోనే వెళ్లాలి, రాత్రి టార్చి, ఫ్లాష్ కుదరవు. సూర్‌లో ఉన్న రాత్రి దీనికి కలుస్తుంది, ముందే బుక్ చేసుకోండి.

ప్రశ్న: డబ్బు, వీసా, డ్రైవింగ్ గురించి క్లుప్తంగా చెప్పండి.

ఒక రియాల్ అంటే వెయ్యి బైసాలు. అందుకే ధరలు చుక్క తర్వాత మూడు అంకెలతో రాస్తారు: 2.500 అంటే రెండున్నర రియాళ్లు. రెండువేల ఐదొందలనుకుని పారిపోకండి. ఒక రియాల్ సుమారు 2.60 డాలర్లు, ఆ లెక్క స్థిరం. అంటే చిన్నగా కనపడే అంకె నిజంగా చిన్నది కాదు. ఎప్పుడో వెళ్లొచ్చిన బంధువులిచ్చే పాత నోట్లు తీసుకోకండి, పాత వరుస నోట్ల చెల్లుబాటు 2024 చివరితో ముగిసింది.

వీసా రాయల్ ఒమన్ పోలీసు సైటులోనే, బయల్దేరే ముందే తీసుకోండి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలైనా ఉండాలి. బండి రోడ్డుకు కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమన. రౌండెబౌట్‌లో ఎడమ నుంచి వచ్చే బండికి దారివ్వాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే, మొదటిరోజు పక్కసీటులో ఒకరు గట్టిగా గుర్తుచేస్తూ ఉండండి. లైసెన్సుతోపాటు అంతర్జాతీయ పర్మిట్ పెట్టుకోండి. ప్లగ్గు మూడు బల్లపరుపు కాళ్లది, అడాప్టర్ కావాలి.