డేకేర్‌లో చేతులు జోడిస్తే బెంగెందుకు?

ప్రశ్న: ఈమధ్యే డాలస్ వచ్చాం. మా నాలుగేళ్ళ బాబు డేకేర్‌లో చూసి, అన్నం ముందు కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఏదో గొణుగుతున్నాడు. ఇంట్లో దేవుడి దగ్గర కూర్చోమంటే మాత్రం పరుగే. మా అత్తగారు ఒకటే దిగులు.

జవాబు: వాడు మతం మారలేదని ముందు అత్తగారికి చెప్పండి. చుట్టూ ఉన్నవాళ్ళంతా రోజూ ఒకే తీరుగా చేసేదాన్ని ఆ వయసు పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఎందుకు చేస్తున్నారో వాళ్ళకి అక్కర్లేదు.

దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అనే పరిశోధకులు 2005లో అచ్చువేసిన ప్రయోగంలో, ఒక పెట్టె పైన పుల్లతో పొడిచి, ఆ తర్వాత ముందువైపు తలుపు తీసి బహుమతి బయటికి లాగి చింపాంజీలకీ, చిన్నపిల్లలకీ చూపించారు. పెట్టె పారదర్శకంగా ఉన్నప్పుడు, పైన పొడవడం దండగని చింపాంజీలు దాన్ని వదిలేశాయి. స్కాట్లాండ్‌లోని మూడు, నాలుగేళ్ళ పిల్లలు మాత్రం బుద్ధిగా పొడిచి మరీ తీశారు. 2010లో ఇలాంటిదే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ పిల్లల మీదా, దక్షిణ ఆఫ్రికా ఖండంలోని కలహారి ఎడారి ప్రాంతపు పిల్లల మీదా చేస్తే రెండు చోట్లా అదే తంతు. అయితే అంతటా ఇంతే అనుకోకండి. మధ్య ఆఫ్రికా అడవుల్లోని ఆకా తెగ పిల్లలు అక్కర్లేని పనుల్ని పెద్దగా అనుకరించలేదని 2015లో తేలింది. ఆకా పెద్దలు పిల్లల మీద పెత్తనం చెయ్యరు, ఎవరి పని వాళ్ళని చేసుకోనిస్తారు. బహుశా అదీ ఒక కారణమేమో.

ఇక మీ ఇంటి సంగతి. డేకేర్‌లో టీచరుతో సహా అందరూ ఆగి చేస్తారు. మనిళ్ళలో ఏమవుతుంది? నాన్న ఫోన్‌లో మీటింగ్, అమ్మ పొయ్యి దగ్గర, వాడికి మాత్రం “దణ్ణం పెట్టు నాన్నా!” పరిగెత్తక ఏం చేస్తాడు! రోజూ ఒకే వేళకి మీ ఇద్దరూ నిలబడండి. దీపం, గంట, హారతి, వరస మార్చకుండా మూడే నిమిషాలు. గంట వాడి చేతికివ్వండి. అర్థాలూ పురాణాలూ వాడు అడిగిన రోజు చూసుకోవచ్చు.

వినాయక చవితికి మా వీధి మెక్సికన్ పిల్లలు వస్తుంటారు. వాళ్ళని గుంజీళ్ళు తియ్యమని ఎవరూ అనరు. మా వాళ్ళు మొదలెట్టగానే వరసలో నిలబడిపోతారు. అందులో ఒక పిల్ల, కుడిచేత్తో ఎడమ చెవి పట్టుకున్నాక రెండో చెయ్యి పైనుంచి రావాలా, కింద నుంచా అని నన్ను నిలదీసింది. మా పెద్దాడు ఈమాట ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

వచ్చే ఏడు వాడు బడికెళ్ళాక ఇంకోటి చూస్తారు. టెక్సస్ ప్రభుత్వ బడుల్లో పొద్దున్నే గుండె మీద చెయ్యేసి అమెరికా జెండాకి ప్రతిజ్ఞ, ఆపైన టెక్సస్ జెండాకి మరొకటి, తర్వాత నిమిషం మౌనం. రెండు వారాల్లో వంటింట్లో మీకు అప్పజెప్పేస్తాడు. ప్రతిజ్ఞ వద్దనుకుంటే తల్లిదండ్రులు బడికి రాసిస్తే చాలు. బలవంతం కూడదని అమెరికా సుప్రీంకోర్టు 1943లోనే తీర్పు చెప్పింది. మేమైతే రాయలేదు.

అన్నట్టు, పూజకి పక్కింటి పిల్లల్ని పిలిచినప్పుడు ప్రసాదంలో జీడిపప్పు ఉందని వాళ్ళ అమ్మలకి ముందే చెప్పండి. నట్ అలర్జీ ఇక్కడ మామూలే.